బెర్లిన్‌లో పాత సింథ్‌లు (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు) చూసే రిపేర్ షాపు: 4/5, ఒక స్టార్ లేటుకి కట్

షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే మధ్యలో కొంచెం తిట్టబోతున్నా.

ఇక్కడ ఆదివారం సంతలో ఒక పెట్టె కొన్నా. నల్ల రేకు ప్యానెల్, ఒకే వరసలో 8 నాబ్‌లు, 8 లైట్లు, బనానా సాకెట్లు (సన్న పిన్ను వైర్లు గుచ్చేవి), ఎక్కడా పేరు లేదు. అమ్మినాయన ఇది 70ల్లో టాంజరిన్ డ్రీమ్ లాంటి ఎలక్ట్రానిక్ బ్యాండ్ ఎవరో స్పెషల్‌గా చేయించుకున్న సీక్వెన్సర్ (సింథ్ చేత స్వరాలు వరసగా వాయించే పెట్టె) అన్నాడు, 180 యూరోలు, నేను సరిగ్గా బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి మూత తీస్తే ఒక చిప్ మీద 7408 అని ఉంది. పాత చిప్‌ల మీద డేట్ కోడ్ వేస్తారని తెలుసు, మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండూ వారం. అంటే 1974లో ఎనిమిదో వారం! టాంజరిన్ డ్రీమ్ వాళ్ల ఫేడ్రా ఆల్బమ్ వచ్చింది 1974 ఫిబ్రవరి 20న, క్యాలెండర్ చూస్తే సరిగ్గా అదే వారం. మా రూమ్మేట్ "రేయ్, జాక్‌పాట్ కొట్టావురా" అని అప్పటికప్పుడు బిర్యానీ అడిగేశాడు.

నాబ్‌లు గరగరమంటుంటే బాగుచేయించడానికి షాపుకి పట్టుకెళ్లా. అక్కడి పెద్దాయన భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. 7408 తేదీ కాదంట, ఆ చిప్ నంబరే అదంట, యాండ్ గేట్ అనే లాజిక్ చిప్. అసలు డేట్ కోడ్ దాని కింద సగం చెరిగిపోయి ఉంది: 7834, అంటే 1978 ఆగస్టు. చిప్ తర్వాత మార్చి ఉండొచ్చు కదా అని నేను వదల్లేదు, ఆయన బోర్డు తిరగేసి టంకం చుక్కలు చూపించాడు, అన్నీ ఒకే చేతివి, మళ్లీ కరిగించిన గుర్తు ఒక్కటి లేదు. పక్కనున్న 7493, 7442 చిప్‌లు కూడా 78వే. 7493 క్లాక్‌ని (తాళంలా వచ్చే పల్స్‌లని) లెక్కపెడుతుంది, ఆ లెక్కని బట్టి 7442 ఒక్కో నాబ్‌కి వంతు ఇస్తుంది, ఇంతే పెట్టె మొత్తం. మూగ్ కంపెనీ సీక్వెన్సర్ 960లో అయితే 8 స్టెప్పులకి మూడు వరసల నాబ్‌లుంటాయి, సాకెట్లు గిటార్ జాక్ సైజు. క్రాఫ్ట్‌వెర్క్ బ్యాండ్ వాళ్లు బాన్‌లో మాటెన్ అండ్ వీకర్స్ దగ్గర చేయించుకున్న సింథనోర్మా సీక్వెన్సర్‌కి 32 స్టెప్పులు, ఇంక దాని గురించి అడగడానికే సిగ్గేసింది. ప్యానెల్ వెనక పెన్సిల్‌తో రాసిన 7కి నడుము దగ్గర అడ్డగీత, 1కి పొడుగు ముక్కు, ఈ యూరప్ దేశాలవాళ్ల రాతే. ఎవరో ఎలక్ట్రానిక్స్ పిచ్చోడు ఇంట్లో చేసుకున్నాడన్నమాట.

ఇక తిట్లు. రెండు వారాలన్నారు, ఏడు పట్టింది, ఫోన్ ఎత్తరు, మెయిల్‌కి ఒక్క లైన్ జవాబు, బిల్లు 95 యూరోలు. కానీ ఆసిలోస్కోప్ పెట్టి ప్రతి సాకెట్ కొలిచి కాగితం మీద రాసిచ్చారు, ట్రిగ్గర్ (నోట్ మొదలెట్టమనే సిగ్నల్) ప్లస్ 5 వోల్టులు, పాత మూగ్ సింథ్‌లకి నేరుగా కలపొద్దు, వాటిది ఎస్-ట్రిగ్గర్, గ్రౌండ్‌కి షార్ట్ చేస్తేనే నోట్ మొదలవుతుంది అని. ఇది తెలియక నేను ఫ్రెండ్ మూగ్‌కి తగిలిద్దామనుకున్నా, బతికిపోయా.

మూడో నాబ్ గరగర పూర్తిగా పోయింది. ఐదోది మాత్రం ఇంకా అప్పుడప్పుడు గొణుగుతోంది, వచ్చే నెల మళ్లీ పట్టుకెళ్లాలి. బిర్యానీ ఖర్చు ఎలాగూ తప్పలేదు.