జాగ్రత్త: ఫోమ్ డ్రెస్సింగ్ పేరుతో జిప్ కవర్లో స్పాంజి ముక్కలు పంపుతున్నారు

షుగర్ పుళ్ళకి, కాళ్ళ పుళ్ళకి, బెడ్‌సోర్లకి ఇంట్లోనే కట్లు కడుతున్నవాళ్ళు ఆర్డరు పెట్టేముందు ఇది చదవండి. కొవిడ్ రోజుల్లో డ్రెస్సింగ్ రూములు మూతపడ్డాయి, ఇంటికొచ్చే నర్సులు రాలేదు, డాక్టరు ఫోన్లో ఫొటో చూసి "ఫోమ్ (రసి పీల్చే మెత్తటి కట్టు) వేయండి" అనేవారు. షాపుల్లో సరుకు దొరక్క అందరం ఆన్‌లైన్ మీద పడ్డాం, నేనూ తెప్పించాను. అమ్మినవాడెవరో ఈ సరుకు వెతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏం వెతికినా మొదట కనబడేది వాడే.

ఆన్‌లైన్ ఫొటోలో సిలికాన్ అంచు, దేనికది విడిగా స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) ప్యాకెట్. వచ్చినవి పెద్ద షీటు నుంచి కత్తెరతో కోసిన ముక్కలు, జిప్ కవర్లో కలిపి కుక్కినవి. లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) లేదు. పెట్టె మీద ఎక్స్‌పైరీ దగ్గర స్టిక్కరు, గోటితో గీకితే అడుగున పాత తేదీ.

చాట్‌లో అమ్మినవాణ్ణి అడిగితే వచ్చిన జవాబు యథాతథంగా: "ఎలాగూ చీము పట్టిన పుండు మీదే కదండీ వేసేది, దానికి మళ్ళీ స్టెరైల్ ఎందుకు?"

ఆహా. ఈ లెక్కన ఆపరేషన్ కత్తి కూడా కడగక్కర్లేదు, కోసేది రోగి ఒంటినే కదా! మానని పుండులో క్రిములు ఎప్పుడూ ఉంటాయి, కాదనను. ఉన్నవాటితో ఒళ్ళు ఎలాగో నెట్టుకొస్తుంటే, బయటి నుంచి కొత్తవి తెచ్చి పైన మూత వేయడం వేరే సంగతి. ఫోమ్ గంటలో తీసేసేది కాదు. రసిని బట్టి 3 నుంచి 7 రోజులు అక్కడే ఉంటుంది, లోపలంతా వెచ్చగా, తడిగా. షుగర్ ఉన్న కాలికి చాలాసార్లు స్పర్శ సరిగ్గా ఉండదు కాబట్టి లోపల చెడినా నొప్పి చెప్పదు. కట్టు విప్పేదాకా తెలియదు. ఇదంతా తెలిసే అమ్ముతున్నాడు, అదీ మంట.

చివర్లో ఇంకో ముత్యం: "విప్పిన సరుకు రిటర్న్ లేదు." విప్పకుండా లోపలేముందో చూడటానికి మనకి దివ్యదృష్టి ఉండాలన్నమాట. స్టార్లు చూసి మురిసినందుకు తగిన శాస్తే.

అసలు ఫోమ్‌కి మామూలుగా రెండు ముఖాలుంటాయి. పుండు వైపుది రసి పీలుస్తుంది, బయటి వైపు పల్చటి పొర నీళ్ళనీ క్రిముల్నీ ఆపుతుంది. ఈ ముక్కలకి ఆ పొరే లేదు. రసి పైకి ఊరి బట్టకి అంటిందంటే అదే దారిన క్రిములు లోపలికి పోతాయి, చుట్టూ చర్మం నాని తెల్లబడి పుండు ఇంకా పెద్దదవుతుంది. చెంచాడు నీళ్ళు పోసి అరచేత్తో అదమండి. మంచి ఫోమ్ చాలావరకు పట్టి ఉంచుతుంది. ఇది గిన్నెలు తోమే స్పాంజిలా మొత్తం కక్కేసింది, పైగా పొట్టు రాలింది. ఆ పొట్టు పుండులో పడితే?

దీనికి తోడు "కాలి పుండుకి ఉచితం" అని బిగుతు సాక్సులు. సిరల జబ్బుతో వచ్చిన పుండుకి కాలిని నొక్కి ఉంచే బిగుతు కట్టే అసలు మందు, చీలమండ దగ్గర సుమారు 40 ఎంఎంహెచ్‌జీ (బీపీ కొలిచే కొలతే) ఒత్తిడితో. ధమనులు పూడుకున్న కాలికి అదే కట్టు వేస్తే ఉన్న రక్తం కూడా అందక వేళ్ళు నల్లబడతాయి. అందుకే ముందు చీలమండ, చేతి బీపీల నిష్పత్తి చూస్తారు, 0.8 కన్నా తక్కువుంటే గట్టి కట్టు వేయరు. షుగర్ ఉన్న కొందరిలో రక్తనాళాలు గట్టిపడి ఆ అంకె దొంగగా ఎక్కువ చూపిస్తుంది. ఇంత తిరకాసున్న వస్తువుని ఫ్రీగా పారేస్తున్నాడు మహానుభావుడు. తొడగొద్దు.

కొనేవాళ్ళకి రెండు మాటలు. ప్రతి ప్యాకెట్ మీదా 'స్టెరైల్' పక్కన ఈఓ (గ్యాస్‌తో క్రిములు చంపారని) లేదా ఆర్ (రేడియేషన్‌తో చంపారని) గుర్తు, లాట్ నంబరు, తేదీ ఉండాలి, పెట్టె మీది లాట్‌తో కలవాలి. సీలు ఊడితే వాడొద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

ఫోమ్ దొరక్కపోతే ఈ చెత్త కన్నా సెలైన్‌తో తడిపి పిండిన స్టెరైల్ గాజ్, పైన పొడి ప్యాడ్ నయం, డాక్టరుకి చెప్పి రోజుకి ఒకటి రెండుసార్లు మార్చండి. ఎండి అంటుకుంటే లాగొద్దు, తడిపి తీయండి. కడగడానికి లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు వేసి మరిగించి చల్లార్చి ఆ రోజే వాడేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ వద్దు, కొత్తగా వస్తున్న కండని కాల్చేస్తాయి.

ఎరుపు పుండు అంచు దాటి పాకినా, జ్వరం వచ్చినా, నల్లబడినా, ఎముక కనిపించినా ఫోన్ అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.