మైనర్ సెవెంత్ కార్డ్: బారే మేలా, షెల్ మేలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాలలో గిటార్ సాధన చేస్తున్న తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: జాజ్ ధోరణిలో మైనర్ సెవెంత్ కార్డ్ (ఒకేసారి మోగే నాలుగు స్వరాల కూర్పు) పలికించడానికి, ఒకే వేలిని తీగలన్నిటిపై అడ్డంగా అదిమి పట్టే ఆరు తీగల బారే రూపం మేలా, ముఖ్య స్వరాలను మాత్రమే ఉంచే మూడు తీగల షెల్ రూపం మేలా? అడిగేవారిలో చాలామంది చర్చి గాయకబృందాలలో మామూలు కార్డ్‌లతో చేయి తిరిగినవారే కనుక, ప్రాథమిక విషయాల జోలికి పోవడం లేదు.

ఎ స్వరం ఆధారంగా గల ఎ మైనర్ సెవెంత్‌నే తీసుకుందాం (తీగలలో అన్నిటికన్నా సన్ననిది మొదటిది, లావైనది ఆరోది; ఫ్రెట్ అంటే గిటార్ మెడపై లోహపు పట్టీలు విడదీసే గడి). బారే రూపంలో చూపుడువేలు 5వ ఫ్రెట్ వద్ద ఆరు తీగలనూ అదిమి ఉంచగా, ఉంగరపువేలు ఐదో తీగను 7వ ఫ్రెట్ వద్ద నొక్కుతుంది. షెల్ రూపంలో ఆరు, నాలుగు, మూడు తీగలు మాత్రమే, మూడూ 5వ ఫ్రెట్ వద్దే పలుకుతాయి; ఆరో తీగను నొక్కే మధ్యవేలి కొన ఐదో తీగను తాకి మోగకుండా ఆపుతుంది. కర్ణాటక సంగీత పరిభాషలో చెబితే షడ్జమం, కైశికి నిషాదం, సాధారణ గాంధారం నిలిచి, పంచమం తప్పుకుంటుంది. మేజర్‌కూ మైనర్‌కూ పంచమం ఒకటే కనుక, అది లేనంత మాత్రాన కార్డ్ స్వభావం మారదు.

నా దృష్టిలో అసలు తేడా ఒక కార్డ్‌లో కాదు, ఒక కార్డ్ నుండి మరొకదానికి వెళ్లడంలో తెలుస్తుంది. డి మైనర్ సెవెంత్, జి సెవెంత్, సి మేజర్ సెవెంత్ అనే వరుస జాజ్‌లో అడుగడుగునా ఎదురవుతుంది. షెల్ రూపంలో (తీగ పక్కన ఉన్నది ఫ్రెట్ సంఖ్య) మొదటిది ఐదో తీగ 5, నాలుగో తీగ 3, మూడో తీగ 5. రెండవది ఆరో తీగ 3, నాలుగో తీగ 3, మూడో తీగ 4. మూడవది ఐదో తీగ 3, నాలుగో తీగ 2, మూడో తీగ 4. ఆధార స్వరాన్ని పక్కనపెట్టి చూస్తే, మొదట ఎఫ్ కదలకుండా ఉండగా సి ఒక్క ఫ్రెట్ దిగి బి అవుతుంది, ఆ తరువాత బి నిలిచి ఉండగా ఎఫ్ దిగి ఇ అవుతుంది. బారే రూపాలలోనూ ఈ స్వరాలన్నీ ఉన్నప్పటికీ, ఐదారు తీగలు ఒక్కసారిగా మోగడం వల్ల ఆ దిగుడు మరుగున పడుతుంది. 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరిన గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్, తీగలను ఫ్రెట్‌బోర్డుకు చాలా ఎత్తున ఉంచుకుని, ఇలాంటి కొద్దిపాటి స్వరాలతోనే అంత పెద్ద బృందానికి లయ అందించాడు.

తీగల ఎత్తు మనకూ సంబంధించిన విషయమే. గోపాల్‌పూర్ తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో గాలిలోని తేమకు గిటార్ పైచెక్క ఉబ్బి, తీగలు మరింత పైకి లేస్తాయి. అటువంటి వాద్యంపై పాట పొడుగునా బారే పట్టడం చేతికి శిక్షే.

అయితే కీబోర్డు, బేస్ గిటార్ లేకుండా ఒక్క గిటార్‌తోనే పాటకు తోడివ్వవలసి వచ్చినప్పుడు షెల్ పలచగా వినిపిస్తుంది, అప్పుడు బారే తప్పదు. అందుకే రెండూ రావాలంటాను, కానీ ముందు షెల్.

తెరిచిన (వేలితో నొక్కని) తీగలతో పట్టే ఎ మైనర్ సెవెంత్ సులువైనదే గాని, మరో శ్రుతికి జరపడానికి వీలుండదు. సన్నని నాలుగు తీగలనూ (ఒకటి నుండి నాలుగు వరకు) 5వ ఫ్రెట్ వద్ద ఒకే వేలితో నొక్కినా ఇదే కార్డ్ వస్తుంది. కాకపోతే ఆ స్వరాలే సి సిక్స్త్ అనే మరో కార్డ్‌వి కూడా కనుక, కింద ఎ పలికించే బేస్ ఉన్నప్పుడే అది మైనర్‌గా వినిపిస్తుంది.