పేపర్ ఘనాకారాల కిట్: కొనండి, కానీ తెల్లది కొనండి

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, డ్రాయింగ్ పీరియడ్లు కూడా నేనే చూస్తాను. ఎనిమిదో తరగతి పిల్లలు 32 మందితో కాగితపు ఘనాకారాలు, అంటే అట్ట కత్తిరించి మడిచి అతికించే నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల బొమ్మలు చేయిద్దామని ఆన్‌లైన్‌లో రెండు ప్యాకెట్లు తెప్పించాను. ఒక్కోటి 350 రూపాయలు, ఒక్కోదాంట్లో 20 అట్టలు. ఒక ప్యాకెట్లో డిజైన్లు రంగుల్లో ముందే అచ్చేసి ఉన్నాయి, రెండోదాంట్లో తెల్ల అట్ట మీద మడత గీతలు మాత్రమే ఉన్నాయి. నాలుగు పీరియడ్లు పట్టింది. ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తాను, ఎందుకో చెప్తాను.

అట్ట చాలా బాగుంది. 220 జీఎస్ఎం (చదరపు మీటరుకి 220 గ్రాములు), పెళ్లికార్డంత గట్టిగా ఉంది, మడిస్తే పగలదు. మామూలు డ్రాయింగ్ షీటుతో చేస్తే గమ్ తడికి ముఖాలు ఉబ్బిపోయి, నాలుగు ముఖాల చతుర్ముఖి కాస్తా కజ్జికాయలా తయారవుతుంది, ఇందులో ఆ ఇబ్బందే రాలేదు. మడత గీతలు మాత్రం ఊరికే అచ్చేశారు, నొక్కి గాడి పెట్టలేదు. అందుకని రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నులు పోగేసి, స్కేలు పెట్టి ప్రతి గీత మీదా ఒకసారి గట్టిగా గీయించాను. ఈ పని చేయకుండా మడిస్తే అంచు వంకర పోతుంది, ఒక్క అంచు వంకర పోయిందంటే చివరి ముఖం మూసుకోదు, పిల్లవాడు పీరియడంతా పడిన కష్టం అక్కడ ఆగిపోతుంది.

ఇక ఆ రంగుల ప్యాకెట్ గురించి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ పిల్లలకి అందులో చేయడానికి ఏమీ మిగల్లేదు. కత్తిరించి అతికించి, అయిపోయింది టీచర్ అని పెట్టేశారు. తెల్లవి తీసుకున్న వాళ్లు మాత్రం బెల్ కొట్టినా లేవలేదు! మడవక ముందే, అట్ట బల్ల మీద పరిచి ఉన్నప్పుడే ముగ్గులు వేయమన్నాను. ఎనిమిది ముఖాల దాని మీద ఒకమ్మాయి ప్రతి త్రిభుజంలోనూ 5 నుంచి 1 వరకు సందు చుక్క పెట్టింది. చుక్కలు సరిగ్గా త్రిభుజంలో ఇమిడిపోయాయి. అంచు దగ్గర ఆగిన మెలిక, మడిచి అతికించాక పక్క ముఖం మీది మెలికతో కలిసిపోయి బొమ్మ చుట్టూ తిరిగింది. ఆ పిల్ల దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉంది. ఆ పని ముందే అచ్చేసిన కాగితం మీద ఎలా జరుగుతుంది చెప్పండి?

రంగులు వేసేవాళ్లకి ఒకటే షరతు పెట్టాను, అంచు కలిసే ముఖాలకి ఒకే రంగు రాకూడదు. ఎనిమిది ముఖాలదానికి రెండు రంగులే సరిపోయాయి. ఆరు ముఖాల ఘనానికి మూడు కావాలి. ఇరవై ముఖాలదానికి ఎక్కువ పడతాయనుకున్నారు, దానికీ మూడే చాలు, కాకపోతే ముందు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవాలి. పన్నెండు ముఖాలదానికి నాలుగు లేనిదే కుదరదు. మూడింటితో చేసి చూపిస్తానని పట్టుబట్టిన ఇద్దరు పిల్లలు రెండు పీరియడ్లు చెరిపి గీసి, చివరికి ఎందుకు కుదరదో వాళ్లే వచ్చి నాకు చెప్పారు. ముఖాలు, శీర్షాలు (మూలలు), అంచులు లెక్కపెట్టడం, ముఖాలు శీర్షాలు కలిపి అంచులు తీసేస్తే 2 రావడం, ఇదంతా మామూలుగా బోర్డు మీద చెప్పి వదిలేస్తాం. ఈసారి ఇరవై ముఖాల బొమ్మ చేతిలో పట్టుకుని 20, 12, 30 అని వేలుతో తాకుతూ లెక్కేశారు.

అసలు లోపం పన్నెండు ముఖాల అట్టలో ఉంది. ముఖాలు ఎక్కువ కదా, ఇరవై ముఖాలదే కష్టమనుకుంటాం. ఒకే అట్టగా కత్తిరించి మడిస్తే దానికి 11 చోట్లే గమ్ పెట్టాలి, పన్నెండు ముఖాలదానికి 19 చోట్ల! అన్ని చోట్ల అతికించాల్సినదానికి అతుకు అంచులు నాలుగు మిల్లీమీటర్లే ఇచ్చారు. పిల్లల వేళ్లకి అందవు, గమ్ బయటికి కారి ముగ్గు పాడవుతుంది. కనీసం ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. రెండు అట్టల్లో అయితే గీతలే పక్కకి జరిగి అచ్చయ్యాయి, పంచభుజాలు ఒకదానికొకటి కలవలేదు. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే కొత్త ప్యాకెట్ ఇస్తామన్నారు, పది రోజులైంది, ఇంకా రాలేదు. నా బాధల్లా ఆ రెండు అట్టలు వచ్చిన పిల్లల గురించే. రంగులన్నీ వేసేశాక తెలిసింది ఆ బొమ్మ మూసుకోదని, ఒకడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికి నేనే వేరే అట్ట మీద గీసిచ్చాను.

తీసుకునేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి. ఆయిల్ పేస్టల్ వాడితే అతుకు అంచుల మీద రంగు పడనివ్వకండి, గమ్ పట్టదు. గమ్ పలచగా రాసి, చెయ్యి దూరే చోటల్లా బట్టల క్లిప్పు పెట్టి రెండు మూడు నిమిషాలు వదిలేయండి. వేలాడదీయాలంటే దారం ముడి లోపలికి వచ్చేలా ఒక మూలలోంచి ముందే గుచ్చేయాలి, చివరి ముఖం మూశాక ఇంక దారి ఉండదు. ఆ చివరి ముఖం అంచులన్నిటికీ ఒకేసారి గమ్ రాసి డబ్బా మూతలా దించండి.

సంక్రాంతి ముందు ఏడో తరగతికి కూడా చేయిస్తాను, తెల్ల ప్యాకెట్లే తెప్పిస్తాను, కానీ పన్నెండు ముఖాల అట్టలన్నీ పంచడానికి ముందే స్కేలుతో కొలిచి చూస్తాను.