పాప్-టాప్ కాన్వాస్ కారుతుంటే: సిలికాన్ సీమ్ సీలర్ వాడాక నా అనుభవం

మా 1987 వోక్స్‌వ్యాగన్ వానగాన్ వెస్ట్‌ఫాలియా క్యాంపర్ వ్యాన్‌లో, పైకి లేచే కప్పు (పాప్-టాప్) కింద గోడలా ఉండే కాన్వాస్ వానకి కారడం మానేసింది. ఆ పని చేసింది గేర్ ఎయిడ్ వాళ్ల సీమ్ గ్రిప్ సిల్ అనే, కుట్ల రంధ్రాలు పూడ్చే చిన్న సిలికాన్ ట్యూబ్. ఈ రివ్యూ దాని గురించే. కొన్ని చలికాలాలు గడిచాకే రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి పూసిన వారానికి అన్నీ బాగానే ఉంటాయి. మేముండేది సియాటిల్ పక్కన, రెడ్‌మండ్‌లో. అక్టోబర్ నుంచి వసంతం దాకా వాన పడుతూనే ఉంటుంది, ఆ వానలోనే క్యాంపింగ్‌కి వెళ్తాం. వ్యాన్ గురించి, కప్పు ఎలా లేస్తుందన్న దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. ఉన్నవాళ్లకి అన్నీ తెలుసు.

ముందు కాన్వాస్ సంగతి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినదానికి ముందు వైపు ఒక్కటే కిటికీ ఉండేది. అది ఎండకి చివికిపోయాక, బయట షాపులో మూడు కిటికీల కాన్వాస్ వేయించాం. యాక్రిలిక్ గుడ్డ, మంచి రంగు. జులైలో మూడు కిటికీలూ తెరిచి పైన పడుకుంటే ఆ గాలికి ఇంకో దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. మొదటి వేసవిలో తెలిసినవాళ్లందరికీ ఇదే వేయించుకోమని చెప్పాను. ఇప్పుడు అడిగితే మాత్రం, ముందు మీరు ఏ నెలల్లో తిరుగుతారని అడుగుతాను. ఒక్కో కిటికీకి చుట్టూ కుట్టు ఉంటుంది, జిప్ ఉంటుంది, జిప్ మీద కప్పే పట్టీకి మళ్లీ కుట్టు ఉంటుంది. మూడు కిటికీలంటే సూది గుచ్చిన రంధ్రాలు మూడింతలు.

అందరూ గుడ్డ వాటర్‌ప్రూఫా కాదా అని చూస్తారు. నీళ్లు వచ్చేది చాలావరకు గుడ్డలోంచి కాదు, కుట్టులోంచి. పాతకాలం నూలు కాన్వాస్ తడిస్తే పోగులు ఉబ్బుతాయి, సూది రంధ్రాలు వాటంతట అవే పూడుకుంటాయి. అందుకే కొత్త నూలు టెంట్‌ని ఒకటి రెండుసార్లు తడిపి ఆరబెట్టాక వాడమంటారు. యాక్రిలిక్ ఉబ్బదు, పాలిస్టర్ దారం కూడా ఉబ్బదు. రంధ్రం పడితే అలాగే ఉంటుంది. పైగా మూలల్లో మూడు నాలుగు మడతలు కలిపి లావు సూదితో కుడతారు కాబట్టి అక్కడి రంధ్రాలు ఇంకా పెద్దవి. అంచుకి కుట్టిన పట్టీ నీళ్లు పీల్చుకుని లోపలికి లాగుతుంది కూడా.

మాకూ కారడం మూలలోనే మొదలైంది. కానీ తడి కనిపించినంత మాత్రాన అది కారుడు అనుకోకూడదు. రాత్రంతా నలుగురు ఊపిరి వదిలితే ఆ చెమ్మ చల్లటి గుడ్డకి పడుతుంది. అది లోపలంతా ఒకే రకంగా, సన్నటి చెమటలా ఉంటుంది. కారుడు అలా కాదు, ఒక చోట మొదలై గీతలా కిందికి దిగుతుంది. నీళ్లు కుట్టు వెంట లోపల జారి అడుగు దూరంలో బొట్టుగా రాలతాయి కాబట్టి, బొట్టు పడిన చోట వెతికితే ఏమీ దొరకదు.

ఎండాకాలంలో ఇంటి ముందు పైపుతో నీళ్లు కొడుతూ చూడడం ఒక్కటే నాకు తెలిసిన సరైన పద్ధతి. ఒకరు లోపల టార్చ్‌తో ఉండాలి. కుట్ల వెంట టిష్యూ ముక్కలు చిన్న టేప్‌తో అంటించాలి. కాన్వాస్ కింది అంచు దగ్గర నీళ్లు కొట్టడం మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ముందే పైనుంచి కొడితే అన్నీ తడిసిపోతాయి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మా అమ్మాయి లోపల కూర్చుని "నాన్నా, ఇక్కడ!" అని అరిచిన ప్రతిచోటా బయట సుద్దముక్కతో గుర్తు పెట్టాను. కుడి ముందు మూల, ముందు కిటికీ పైకుట్టు, ఎడమ కిటికీ జిప్ చివర. గుడ్డ మధ్యలో ఒక్క గుర్తు కూడా లేదు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మొదట వాడింది ఈ సిలికాన్ కాదు, ఇంకో కంపెనీ యూరిథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సీలర్. ఎవరిని అడిగినా అదే చెప్పారు, దుకాణంలోనూ అదే ఇచ్చారు. కాన్వాస్ కడిగి, ఆరబెట్టి, కుట్ల మీద సన్నటి బ్రష్‌తో పూశాను. గట్టిపడ్డాక గాజులా మెరిసింది. సెప్టెంబర్ జల్లులకి చుక్క కూడా రాలేదు.

నవంబర్‌లో ఒలింపిక్ నేషనల్ పార్క్ తీరంలో ఉన్న కలలోక్ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. చలికాలంలోనూ తెరిచే ఉంటుంది, సముద్రం పక్కనే. అక్కడి తుఫాను గాలి చూడ్డానికే చాలామంది వస్తారు. ఆ రాత్రి గాలి నైరుతి నుంచి తిరిగి వాన అడ్డంగా కొట్టింది. పిల్లలిద్దరూ పైన పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక మా ఆవిడ లేపింది. "ఏవండీ, బాబు దుప్పటి తడిసిపోయింది, చూడండి." టార్చ్ వేసి చూస్తే ముందు మూల నుంచి నీళ్లు ధారగా వస్తున్నాయి, కుట్టు పొడవునా. ఎండాకాలం పరీక్షలో ఇంత రాలేదు. పిల్లల్ని కిందికి దించి మా మధ్యలో పడుకోబెట్టాం. నేను రెయిన్‌కోట్ వేసుకుని బయటికెళ్లి కప్పు మీదుగా బరకం కట్టాను. ఆ గాలిలో ముడి నిలవడానికే చాలాసేపు పట్టింది. తెల్లారాక చూస్తే, నేను పూసిన సీలర్ కుట్టు మీద నుంచి పాము కుబుసంలా పొడవుగా ఊడి వేలాడుతోంది. గోటితో లాగితే మొత్తం వచ్చేసింది. కింద గుడ్డ కొత్తదానిలా శుభ్రంగా ఉంది. అంటే అది అసలు అంటుకోనే లేదు. వేసవి అంతా ఊరికే పైన కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి, కాన్వాస్ బిగించిన షాపుకి ఫోన్ చేశాను. బిగించాక దాని మీద ఏదైనా పూశారా అని అడిగితే, ఓ, నీళ్లు పట్టకుండా సిలికాన్ స్ప్రే కొట్టి ఇస్తాం, అది ఫ్రీ అన్నారు. బిల్లులో ఆ మాట లేదు, వ్యాన్ అప్పగించేటప్పుడు చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం పోని విషయం ఇదే. సిలికాన్ పట్టిన గుడ్డకి సిలికాన్ తప్ప ఇంకేదీ అంటుకోదు. యూరిథేన్ అంటదు, సీమ్ టేప్ అంటదు, మామూలు జిగురూ అంటదు. స్పిరిట్‌తో తుడిచినా పూర్తిగా పోదు. ఫ్రీగా చేసిన ఆ ఒక్క పనితో, ఆ కాన్వాస్ ఉన్నంత కాలం దాన్ని దేనితో రిపేర్ చేసుకోవాలో నా బదులు వాళ్లే నిర్ణయించేశారు. కాగితం మీద ఒక్క లైను రాసిస్తే పిల్లలు తడిసేవాళ్లు కాదు.

మీ కాన్వాస్ చరిత్ర మీకు తెలియకపోతే, సెకండ్ హ్యాండ్ వ్యాన్ అయితే మరీను, పూసే ముందు కనిపించని మూల అంగుళం మేర రెండు రకాల సీలర్లూ రాసి మర్నాడు గోటితో గీకి చూడండి. ఏది నిలిస్తే అదే.

మరుసటి ఏడాది వేసవిలో ఈ సిలికాన్ ట్యూబ్ కొన్నాను. పాత పొరంతా లాగేసి, మంచినీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరనిచ్చాను. బట్టల సబ్బుతో కడగొద్దు, ఆ సబ్బు గుడ్డలో మిగిలితే నీళ్లని అదే లోపలికి పిలుస్తుంది. కుట్టుకి రెండు వైపులా మాస్కింగ్ టేప్ వేసి, బయటి వైపు, దారంలోకి ఇంకేలా బ్రష్‌తో రుద్దుతూ పూశాను. పైపైన రాస్తే లాభం లేదు, రంధ్రంలోకి దిగాలి. లోపల ఒకరు గుడ్డని చేత్తో బయటికి నెట్టి పట్టుకుంటే కుట్టు తెరుచుకుని బాగా దిగుతుంది. మూలల్లో రెండు పూతలు వేశాను. ఒక రాత్రి ఆరనిచ్చి, పైన టాల్కమ్ పౌడర్ అద్దాను. అద్దకపోతే కప్పు దించినప్పుడు మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

దీని బలం చూసింది అదే ఒలింపిక్ నేషనల్ పార్క్‌లోని హో రెయిన్ ఫారెస్ట్‌లో. ఏడాదికి 140 అంగుళాల వాన పడే చోటు అది. మన హైదరాబాద్ ఏడాది వానకి నాలుగింతల కంటే ఎక్కువ. స్ప్రూస్ చెట్ల కింద వాన ఆగాక కూడా పెద్ద పెద్ద బొట్లు పడుతూనే ఉంటాయి. కుట్ల వెంట మళ్లీ టిష్యూ అంటించి పడుకున్నాం. పొద్దున ముందు మూల టిష్యూ పొడిగా, పెళుసుగా ఉంది. నమ్మలేక వేలితో నొక్కి చూశాను. మా ఆవిడ కింద నుంచి టీ పెడుతూ "ఏమైందండీ, మళ్లీ కారిందా?" అంది. లేదని చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకే క్యాంపింగ్ సామాను కొన్నప్పుడూ కలగలేదు.

మొదటి ఏడాది అయితే ఇక్కడితో ఆపేసి అయిదు చుక్కలూ ఇచ్చేవాణ్ణి. తర్వాత తెలిసినవీ చెప్పాలి.

కప్పు దించినప్పుడు గుడ్డ ఎక్కడ గట్టిగా మడత పడుతుందో అక్కడ పొర అంచులు కొద్దిగా లేచాయి. కుట్టు పొడవునా కాదు, మడత అడ్డంగా దాటే చోట్లే. ప్రతి వేసవీ అక్కడ ఒక పూత వేయాల్సి వస్తోంది. సిలికాన్ దుమ్ముని పట్టి ఉంచుతుంది కాబట్టి లేత రంగు కాన్వాస్ మీద కుట్లన్నీ మసి గీతల్లా కనిపిస్తాయి. మాది బూడిద రంగు, అంతగా తెలియదు. జిప్‌ని ఇది ఏమీ చేయలేదు. ఎడమ కిటికీ జిప్ చివర గాలివానకి ఇప్పటికీ తడుస్తుంది, దానికి పై పట్టీని వెడల్పు చేసి కుట్టించాలి. ఊపిరి చెమ్మ సంగతి సరేసరి, కిటికీ రెండు వేళ్ల సందు తెరిస్తేనే పోతుంది. తడి కాన్వాస్‌ని అలాగే మడిచి వారం వదిలేస్తే ఏ సీలర్ ఉన్నా బూజు పడుతుంది. ఇంటికి రాగానే కప్పు లేపి ఆరబెట్టాల్సిందే.

ధర కూడా. ట్యూబ్ చిన్నది, మూడు కిటికీల కాన్వాస్‌కి ఒకటి చాలదు. ఏటా వేసే పూతలకి ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే నూరు శాతం సిలికాన్ సీలెంట్‌ని మినరల్ స్పిరిట్స్‌లో (పెయింట్ పలుచన చేసే ద్రావకం) పలుచగా కలిపి వాడుతున్నాను. కొండలెక్కే వాళ్లు సిలికాన్ పూత ఉన్న నైలాన్ టెంట్లకి ఎప్పటినుంచో చేసే పనే అది. వెనిగర్ వాసన రెండు రోజులు ఉంటుంది, అప్పటిదాకా పిల్లల్ని పైన పడుకోనివ్వను. కలిపేటప్పుడు ఆరుబయట ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. నిలవడంలో తేడా నాకు కనిపించలేదు. కానీ మొదటిసారి చేసేవాళ్లకి, మూలలకి, ట్యూబే సులువు.

ఇది అందరికీ చెప్పదగ్గదేనా అంటే, మా పరిస్థితిలో అవును. మా కాన్వాస్‌కి అప్పటికే సిలికాన్ పట్టి ఉంది, వ్యాన్ ఏడాదంతా బయటే ఉంటుంది, మేం వానలో తిరుగుతాం. మీది ఏ స్ప్రే కొట్టని కొత్త గుడ్డ అయితే తొందరపడి సిలికాన్ పూయొద్దు, ఒకసారి పూస్తే మళ్లీ వెనక్కి రాలేరు. యూరిథేన్ మీకు బాగా పట్టొచ్చు, తర్వాత అతుకులకీ దారి ఉంటుంది. నూలు కాన్వాస్ అయితే ముందు తడిపి ఆరబెట్టి చూడండి, ఏమీ అవసరం పడకపోవచ్చు. అరిజోనా, కాలిఫోర్నియా ఎండల్లో తిరిగేవాళ్లకి కుట్టు కంటే ఎండకి గుడ్డ చివకడమే పెద్ద సమస్య, దానికి ఈ ట్యూబ్ పనికిరాదు.

మా కాన్వాస్ ఇంకొన్నేళ్లు వస్తుందనే అనుకుంటున్నాను. మార్చాల్సి వస్తే ఒక్క కిటికీదే తీసుకుందామని నా మాట. జులై గాలి వదులుకోనని మా ఆవిడ మాట. కొత్తది ఎన్ని కిటికీలదైనా సరే, గుడ్డ మీద ఏమీ పూయకుండా బిగిస్తామని షాపువాళ్లు కాగితం మీద రాసిచ్చాకే అడ్వాన్స్ ఇస్తాను.