ఆ 40 ఆంపియర్ల రిలే జోలికి పోకండి

ఆటోనగర్‌లో బండి సామాను కొనేవారికి ఆ కొట్టు ఏదో నేను చెప్పనక్కరలేదు. రేడియేటర్ ఫ్యాన్ రిలే అడిగాను, అంటే ఆ ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చి ఆపే చిన్న స్విచ్చు. కంపెనీది 420, ఇది 140. "రెండూ ఒకటే సార్, అట్టపెట్టె తేడా" అన్నాడు కొట్టాయన. మూత మీద 40 ఆంపియర్లని అచ్చు కూడా ఉంది. నమ్మాను. బిల్లు కూడా అడగలేదు, అంత తెలివైనవాణ్ని.

మూడు వారాలు తిరగలేదు. మొన్న రాత్రి బండి ఆపి, తాళం తీసుకుని మేడ ఎక్కాను. కింద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. వేడి తగ్గితే అదే ఆగుతుందిలే అని పడుకున్నాను. రిలే లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు అతుక్కుపోయాక ఎందుకు ఆగుతుంది? బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటుకు తాళంతో పనేమిటి? ఫ్యాన్ తనకు కావలసినంతే లాగుతోంది కనుక ఫ్యూజూ పోలేదు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, గంటకు పది చొప్పున తాగే ఫ్యాన్. తెల్లవారి అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాలని తాళం తిప్పితే ఒక్క దీపం వెలగలేదు.

నా కడుపు మంట దాని గురించి కాదు. రిలే పీకి మీటరు పెట్టాను. పాయింట్లను కలిపే కాయిల్‌కు కరెంటు లేకున్నా, ఫ్యాన్ కరెంటు నడిచే 30, 87 పిన్నుల మధ్య బీప్ మోగుతూనే ఉంది, అంటే పాయింట్లు విడిపోలేదు. ఇక ఏమంటాడో చూద్దామని ధీమాగా కొట్టుకు పట్టుకెళ్లాను. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో ఠక్కున ఒక్క దెబ్బ వేశాడు. అతుకు ఊడింది. రెండు వైర్లు తగిలించాడు. టిక్, టిక్. "నిక్షేపంలా ఉంది కదండీ, మీ బండి వైరింగు చూపించుకోండి" అని నా చేతిలో పెట్టి, ఇంకొకరికి హారన్ చూపించడంలో పడ్డాడు. కొట్లో కుర్రవాడు నవ్వాడు. నేనేమన్నానో తెలుసా? "సరేనండీ" అన్నాను. సరేనట!

ఇంటికొచ్చి మూత తీశాను. ఒక పాయింటు మీద గుంట, ఎదుటి దాని మీద ఆ గుంటలో కూర్చునేంత బొడిపె, చుట్టూ మసి. పదకొండేళ్లు పనిచేసిన పాతదాన్నీ విప్పి పక్కన పెట్టాను. దాని పాయింట్లు పెసరగింజంత. దీనివి ఆవగింజకు అన్నలు, అంతే. ఫ్యాన్ మోటారు కదిలే క్షణంలో మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. సరిగ్గా అప్పుడే పాయింట్లు తగిలి, ఎగిరి, మళ్లీ తగులుతాయి. ఎగిరినప్పుడల్లా ఒక మెరుపు. కరిగిన లోహం గడ్డకట్టిందంటే వెల్డింగే. విడిపోయేటప్పుడూ తిప్పలే. ఇంటి కరెంటులా సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చేది కాదు బ్యాటరీ కరెంటు, మెరుపు సాగుతుంది. దెబ్బ కొట్టి విడదీసినా ఆ గరుకు పోదు, మళ్లీ అతుక్కుంటుంది. ఇదంతా ఆయనకు తెలియదనుకోవాలా? ఎక్కడ కొట్టాలో, ఎంత గట్టిగా కొట్టాలో తెలిసిన చెయ్యి అది. నాదే మొదటి రిలే అయి ఉండదు.

మిగిలింది 280. మళ్లీ చార్జింగ్ పట్టని బ్యాటరీకి పోయింది 4,300.

కొంటే బిల్లు తీసుకోండి. అతుక్కున్న రిలేను ఆయన చేతికివ్వకండి. మీటరు మీరే పట్టుకుని ఆ బీప్ వినిపించండి. ఇంజను ఆపిన పది నిమిషాలకూ ఫ్యాన్ తిరుగుతుంటే, నాలాగా మేడ ఎక్కకుండా ముందు రిలే పీకేయండి.