రాణిగంజ్ వైండింగ్ షాపు: సాన మిషన్ మోటార్ కాలిపోతోందని తీసుకెళ్తే కాయిల్ ముట్టుకోకుండా బాగు చేసిచ్చారు

మోటార్ వేడెక్కుతోంది అంటే చాలు విప్పి కూడా చూడకుండా రివైండింగ్ (పాత కాయిల్ కోసి తీసేసి కొత్త తీగ చుట్టడం) అనేసే షాపులే ఎక్కువ కదా, అందుకే ఈ షాపు గురించి కాస్త వివరంగా రాస్తున్నా, ఇంట్లో రాళ్లు సాన పట్టుకునే వాళ్లకి కచ్చితంగా పనికొస్తుంది.

నాది బాల్కనీలో పెట్టుకున్న చిన్న మిషన్. పావు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్, 1440 ఆర్‌పీఎం, బెల్ట్‌తో షాఫ్ట్ తిరుగుతుంది, షాఫ్ట్‌కి రెండు ఆరంగుళాల డైమండ్ వీల్స్, పైనుంచి నీళ్లు చుక్కలుగా పడుతుంటాయి. నాన్నగారి వెండి ఉంగరంలోకి ఒక అకీక్ రాయి సాన పడుతున్నా, సరిగ్గా గుండ్రం వచ్చే టైమ్‌కి ఈ గొడవ మొదలైంది. ఒక రోజు గంటసేపు నడిపినా ఏం కాదు, ఇంకో రోజు ఐదు నిమిషాలకే బాడీ మీద చెయ్యి పెట్టలేం, వార్నిష్ మాడిన వాసన, సన్నగా గుయ్ మని మూలుగు. ఇంటి దగ్గర షాపులో చూపిస్తే వాసన చూసి కాయిల్ పోయింది 2800 అవుతుంది అన్నారు. ఆ రోజూ ఈ రోజూ తేడా ఎందుకుంది అని అడిగితే జవాబు లేదు, దాంతో నాకు మనసొప్పక వెనక్కి తెచ్చేసుకున్నా.

తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, బేరింగ్‌లూ పంపులూ అమ్మే షాపుల వెనక సందులో ఉన్న ఈ చిన్న వైండింగ్ షాపుకి తీసుకెళ్లా. పెద్దాయన ఒకరు, సాయంగా ఒక కుర్రాడు. ఆయన ముందు నన్ను మాట్లాడనిచ్చాడు, అసలు అదే నచ్చింది. ఏం రాళ్లు కోస్తావ్, నీళ్లు ఎటు పడతాయ్, మోటార్ కిందుంటదా పక్కనుంటదా అని అన్నీ అడిగి, బెల్ట్ లేకుండా మోటార్ బిగించి, ఎంత కరెంట్ లాగుతుందో చూపించే టాంగ్ టెస్టర్ పెట్టి ఆన్ చేసి ఆపి, ఆన్ చేసి ఆపి, అలా వరసగా చేస్తూ పోయాడు. మూడుసార్లు మామూలుగానే ఉంది. నాలుగోసారి రీడింగ్ దిగలేదు, నేమ్‌ప్లేట్ మీద 2.2 ఆంప్స్ ఉంటే లోడ్ లేకుండానే 6 దాటి అక్కడే నిలబడింది. వెంటనే ఆఫ్ చేసి నన్ను దగ్గరికి రమ్మని "విను తమ్మీ, ఆగే ముంగట టిక్కుమనాలె, అన్నదా?" అన్నాడు. అనలేదు. అంతకుముందు మూడుసార్లూ ఆ టిక్ వచ్చింది, నేనే పట్టించుకోలేదు.

ఆ టిక్ సెంట్రిఫ్యూగల్ స్విచ్‌ది. మోటార్ స్పీడ్ అందుకోగానే అది తెరుచుకుని స్టార్టింగ్ కాయిల్‌నీ కండెన్సర్‌నీ లైన్ నుంచి తప్పించాలి, కొన్ని సెకన్ల కోసమే చేసిన కాయిల్ అది. స్విచ్ ఇరుక్కుంటే కరెంట్ అందులో అలాగే పోతూ ఉంటుంది, ఇక వేడెక్కకుండా ఎలా ఉంటుంది. విప్పి చూస్తే స్విచ్ స్ప్రింగుల మీద బూడిద రంగు పేస్ట్ గట్టిగా సిమెంట్‌లా పట్టేసింది, రాయి అరిగిన బురద అది, వేలితో రుద్దితే గరగరలాడింది. అదే బురద బేరింగ్‌లోకి కూడా పోయింది, ఇనుప మూత ఉన్న 6203 జెడ్‌జెడ్ అన్నమాట, చేత్తో తిప్పితే ఇసకలో తిప్పినట్టుంది. ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మెగ్గర్ పెట్టి కాయిల్ చెక్ చేసి "కాయిల్ మంచిగున్నది, మంచి కాయిల్ కోసి తీసుడెందుకు" అన్నాడు. రివైండింగ్ చేస్తే ఆయనకే డబ్బులెక్కువ, అయినా ఆ మాట అన్నాడు చూడండి, నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

రబ్బరు సీల్ ఉన్న 2ఆర్‌ఎస్ బేరింగ్‌లు రెండు, కొత్త స్విచ్, ఉబ్బిపోయిన కండెన్సర్ బదులు కొత్తది, లేబర్‌తో కలిపి 1050 అయింది. బేరింగ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి మాత్రమే తగిలే పైపు ముక్క పెట్టి కొట్టాడు, బయటి రింగు మీద కొడితే గోళీలకి గాటు పడి కొత్తది కూడా త్వరగా పోతుందట. ఇంట్లో విప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఇంకోటి, ప్లగ్ పీకినా కండెన్సర్‌లో చార్జ్ ఉంటుంది, దాన్ని డిశ్చార్జ్ చేయకుండా చెయ్యి పెట్టకండి.

తప్పు నా వైపు కూడా ఉంది. నీళ్లు పడకూడదని మోటార్‌కి ప్లాస్టిక్ కవర్ చుట్టేశా, దాంతో గాలి ఆడక వేడంతా లోపలే ఉండిపోయింది. ఆయన చెప్పాక కవర్ తీసేసి, వీల్స్‌కీ మోటార్‌కీ మధ్య ఒక రేకు అడ్డం పెట్టి, మోటార్‌ని నాలుగంగుళాలు పైకి లేపా. బెల్ట్ కూడా బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగేలా వదులు చేశా, ముందు వీణ తీగలా బిగించి పెట్టా, అది బేరింగ్‌ని తినేస్తుందట. బాల్కనీ లైన్‌కి, కరెంట్ లీకైతే వెంటనే లైన్ కట్ చేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించా. పనిలో పని అందరికీ చెప్తున్నా, నీళ్లు లేకుండా మాత్రం రాయి అరగదీయకండి, ఆ సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటకి రాదు.

నేనున్నప్పుడే ఒకాయన అమెరికా నుంచి తెచ్చుకున్న రంపం మిషన్ పట్టుకొచ్చాడు, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మోటార్ కాలుతోందని. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గిస్తుంది కానీ కరెంట్ ఫ్రీక్వెన్సీ మార్చదు, అక్కడి 60 హెర్ట్జ్‌కి చేసిన మోటార్‌కి ఇక్కడ 50 హెర్ట్జే అందుతుంది, స్పీడ్ తగ్గి, కరెంట్ ఎక్కువ లాగి, ఫ్యాన్ గాలి కూడా తగ్గుతుంది, మన దగ్గర దొరికే 230 వోల్టుల మోటార్ వేసుకోవడమే మంచిదని షాపు పెద్దాయన అతనికి ఓపిగ్గా చెప్పాడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. రేపు రమ్మని మూడో రోజు ఇచ్చారు, బిల్లు చిత్తు కాగితం మీదే రాసిచ్చారు, సందులో బండి పెట్టే చోటు లేదు, ఆదివారం బంద్. మోటార్‌ని పుల్లీతో సహా తీసుకెళ్లండి, నేను పుల్లీ విప్పి తీసుకెళ్లి దాని కోసం మళ్లీ ఇంటికొచ్చా.

నెల దాటింది. నిన్న గంటన్నర ఆపకుండా నడిపా, బాడీ మీద అరచెయ్యి హాయిగా పెట్టగలిగా. ఆపిన ప్రతిసారీ ఆ టిక్ కోసం చెవి పెట్టి వింటున్నా, వస్తోంది. నాన్నగారి రాయికి ఇంక పాలిష్ ఒక్కటే మిగిలింది.