డెలికేట్ ఆర్చ్ ట్రైల్: పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు

డెలికేట్ ఆర్చ్ అంటే అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కులో ఉన్న సహజమైన రాతి తోరణం. పార్కుకు వచ్చే ప్రతి కుటుంబం ఎక్కాలనుకునే ట్రైల్ (కాలిబాట) దాని దగ్గరికి వెళ్లేదే. రానూపోనూ 3 మైళ్లు, ఎక్కాల్సిన ఎత్తు సుమారు 480 అడుగులు. కాగితం మీద తేలికే అనిపిస్తుంది. కానీ 480 అడుగులంటే దాదాపు 45 అంతస్తుల మెట్లెక్కినట్టు, అదీ చెట్టు నీడన్నది లేని రాతి మీద. ఆరేడేళ్లు దాటి, నడక అలవాటున్న పిల్లలకు ఇంతకంటే మంచి ఎడారి దారి దొరకడం కష్టం. వేసవి మధ్యాహ్నం మాత్రం ఎవరికీ పనికిరాదు.

పార్కు విజిటర్ సెంటర్ నుంచి ట్రైల్ మొదలయ్యే వుల్ఫ్ రాంచ్ పార్కింగ్‌కు సుమారు 13 మైళ్ల డ్రైవ్. అక్కడ టాయిలెట్లుంటాయి గానీ తాగునీళ్లుండవు. సీసాలు విజిటర్ సెంటర్ దగ్గరే నింపుకోవాలి. ముందే టైమ్ బుక్ చేసుకుని రావాలన్న నిబంధన 2022లో మొదలైంది. మీరు వెళ్లే నెలలో అది అమల్లో ఉందో లేదో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

నీళ్ల దగ్గర లెక్క తప్పకూడదు. మనిషికి కనీసం 2 లీటర్లు. నలుగురికి 8 లీటర్లు, అంటే 8 కిలోల బరువు. మొత్తం నాన్న బ్యాగులోనే వేస్తే సగం దారిలో ఆయనే కూలబడతారు. పిల్లల చేతికి అర లీటరు సీసా ఇచ్చి, మిగతాది ఇద్దరు పెద్దవాళ్లు పంచుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగించండి. పొడిగాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. పిల్లాడు కబుర్లు మానేసి చిరాకు పడుతున్నా, తలనొప్పి అంటున్నా ముందు అనుమానించాల్సింది ఎండనే. ఉత్త నీళ్లే కాకుండా ఉప్పు కూడా పడాలి. ఈ విషయంలో మన జంతికలు, చేగోడీలు, ఉప్పు వేసిన పల్లీలు బాగా పనికొస్తాయి. చాక్లెట్లు కరిగి బ్యాగంతా పాడుచేస్తాయి. పులిహోర డబ్బా కారులోనే ఉంచి, దిగొచ్చాక తినండి. నీళ్లలో సగం అయిపోయేసరికి పైకి చేరకపోతే వెనక్కి తిరగాల్సిందే. ఎంత దూరం వచ్చామన్నది అప్పుడు అనవసరం.

మొదటి అర మైలు చదునైన వెడల్పాటి బాట. 1900ల తొలినాళ్ల నాటి చిన్న చెక్క ఇల్లు, వాగు మీద వంతెన, కాస్త పక్కకెళ్తే గుర్రాల మీద వేటగాళ్లను చెక్కిన యూట్ అనే స్థానిక ఆదివాసీ తెగ రాతిబొమ్మలు. ఇవన్నీ దిగేటప్పుడు చూడండి. ఎక్కేటప్పుడు చల్లటి పొద్దు వృథా చేసుకోకూడదు.

ఆ తర్వాత వచ్చే పెద్ద ఏటవాలు బండ దగ్గరే చాలామంది ఆగిపోతారు. అక్కడ గీసిన బాట ఉండదు. పేర్చిన చిన్న రాళ్ల గుట్టలే గుర్తులు. ఒక గుట్ట దగ్గర నిలబడి తర్వాతిది కనిపించాకే కదలాలి. పిల్లలు సరదాకి కొత్త గుట్టలు పేర్చితే వెనకాల వచ్చేవాళ్లు దారి తప్పుతారు. ఇసుకరాయి పొడిగా ఉంటే బూటును గట్టిగా పట్టుకుంటుంది. అదే రాయి మీద పల్చగా ఇసుక పడి ఉంటే గోలీల మీద కాలేసినట్టే. జారిపడటాలు ఎక్కువగా దిగేటప్పుడే. అడుగున గాడులు అరగని బూట్లు కావాలి, చెప్పులు వద్దు. స్ట్రోలర్ తేవద్దు, పసిపిల్లలకు వీపు క్యారియరే మేలు. రాతి పక్కనున్న ఇసుక మీద నల్లగా గరుకుగా కనిపించే పొర బతికున్నది. ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, అందుకే అటు తొక్కనివ్వద్దు.

చివరి 200 గజాలు బండ అంచున చెక్కిన దారి. ఒకవైపు గోడ, ఒకవైపు లోయ. గోడవైపు పిల్లలు, లోయవైపు పెద్దవాళ్లు, చేయి వదలకుండా. చలికాలంలో ఇక్కడ మంచు గడ్డకడుతుంది, బూట్లకు తొడిగే ముళ్ల పట్టీలు లేకుండా రావద్దు. మలుపు తిరగ్గానే 46 అడుగుల ఎత్తు ఖాళీతో తోరణం ఒక్కసారిగా ఎదురవుతుంది. అది నిలబడ్డది గిన్నెలాంటి బండ అంచు మీద, వెనక లోతైన దిగుడు. పరిగెత్తే వయసు పిల్లల్ని గిన్నెకు ఇవతలే కూర్చోబెట్టడం మంచిది. తోరణం ఎక్కడం నిషేధం.

అందరూ సూర్యాస్తమయానికే వెళ్లమంటారు. రాయి నిప్పులా వెలిగేది నిజంగా అప్పుడే. కానీ దిగేది చీకట్లో, రాళ్ల గుట్టలు కనిపించని బండ మీద, అలిసిన పిల్లలతో. పిల్లలుంటే తెల్లవారగానే మొదలుపెట్టడమే సరైనది, పార్కింగ్ కూడా దొరుకుతుంది. సాయంత్రమే కావాలనుకుంటే మనిషికో హెడ్‌ల్యాంప్ ఉండాలి. ఉరుములు వినిపిస్తే ఏ వేళైనా దిగిపోండి. ఆగుతూ నడిచే కుటుంబానికి 3 గంటలు పెట్టుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే ఈ ఎక్కుడు వద్దు. అదే రోడ్డు మీద మరో మైలు ముందుకెళ్తే వ్యూపాయింట్ ఉంది. కారు దిగి 100 గజాలు నడిస్తే చాలు, తోరణం దూరంగా కనిపిస్తుంది. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి.